పిల్లల పెళ్లి ఖర్చు: ముందు అంకె, ఆ తర్వాతే ముహూర్తం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎంతవుతుందో మాత్రం చెప్పకుండా తప్పించుకున్నారు.

మేము రెండు పెళ్లిళ్లు చేశాం. 2018లో అమ్మాయిది, మా ఊరు తెనాలిలో. 2023లో అబ్బాయిది, వియ్యాలవారి ఊరు రాజమండ్రిలో. అమ్మాయి పెళ్లికి బంగారం కాకుండా 8 లక్షలు అనుకుంటే 12 దాటింది. అబ్బాయి పెళ్లికి మా వాటా 6 లక్షలు అనుకుంటే 6 లక్షల 20 వేలతో తేలింది. నేను హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. మొదటిసారి నా లెక్క తప్పింది కూడికల దగ్గర కాదు. మా దగ్గర ఎంత ఉందో మా అమ్మాయికి చెప్పలేదు, వియ్యాలవారికి చెప్పలేదు, నిజం చెప్పాలంటే మా ఆయనా నేనూ కూడా ఒకరికొకరం సరిగ్గా చెప్పుకోలేదు. అంకె నోటితో అనడానికి సిగ్గు. ఆ సిగ్గు ఖరీదు 4 లక్షలు.

మీ ఇంట్లో పెళ్లి మాటలు మొదలై ఉంటే కింద చెప్పిన పనులు ఇదే వరుసలో చేయండి. వరుస తప్పితే సగం ఉపయోగం పోతుంది.

1. ముట్టుకోకూడని డబ్బు ముందు రాయండి

తెల్లకాగితం తీసుకుని అందరూ ఖర్చుల పట్టిక మొదలుపెడతారు. అలా కాదు. ముందు ఈ పెళ్లికి ముట్టుకోకూడనివి రాయండి: రిటైర్మెంటు డబ్బు, ఉంటున్న ఇల్లు, ఆస్పత్రి అవసరానికి దాచింది, రెండో పిల్ల చదువుకు పెట్టింది. వాటి కింద గీత గీసేయండి. గీత కింద మిగిలిందే పెళ్లి డబ్బు. మా వీధిలో ఒకాయన గ్రాట్యుటీ మొత్తం తెచ్చి కూతురి పెళ్లికి పెట్టాడు. పెళ్లి చాలా బాగా జరిగింది, అందరం మెచ్చుకుంటూ తిని వచ్చాం. ఇప్పుడు అరవై ఆరేళ్ల వయసులో ఒక రైసుమిల్లులో కూర్చుని లెక్కలు రాస్తున్నాడు.

గీత కింద డబ్బు ఎక్కడెక్కడ ఉందో, ఏ తేదీకి చేతికొస్తుందో పక్కన రాయండి. పెళ్లి డబ్బుతో వచ్చే చిక్కంతా తేదీల దగ్గరే. హాలు అడ్వాన్సు ఆరు నెలల ముందే కట్టాలి, మీ ఫిక్సెడ్ డిపాజిట్ ఏమో పెళ్లయ్యాక మెచ్యూర్ అవుతుంది. గడువుకు ముందే తీస్తే వడ్డీ తగ్గుతుంది. పీఎఫ్‌లో పిల్లల పెళ్లికని డబ్బు తీసుకునే వీలుంది. దానికి మీ ఖాతాలో పేరు, ఆధార్, బ్యాంకు వివరాలు సరిపోలాలి, కాబట్టి ఆ పని ముందే చూసుకోండి. చీటీ కడుతుంటే రిజిస్టర్డ్ చీటీయేనా అని అడగండి. పక్కింటావిడ నడిపే చీటీని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోవద్దు. చీటీ మొదటి నెలల్లో పాడుకుంటే చాలా పోతుంది, అందుకే పెళ్లికి ఏడాది రెండేళ్ల ముందే మొదలుపెట్టి ఆఖరి నెలల్లో ఎత్తుకునేలా చూసుకోవాలి.

కొంచెం తక్కువ పడితే పర్సనల్ లోన్ కంటే ఇంట్లో ఉన్న బంగారం మీద లోన్ తీసుకోవడం సాధారణంగా వడ్డీకి నయం. పొలమో స్థలమో అమ్మాల్సిందే అయితే సంబంధం ఖాయం చేసుకునే ముందే అమ్మండి. పెళ్లి తేదీ ఊరికి తెలిశాక కొనేవాడు బేరం ఆడడు, ఆ తేదీ దగ్గరపడేదాకా ఊరికే కూర్చుంటాడు.

మొత్తం తేలాక అందులో పదో వంతు చేతిఖర్చుల కింద పక్కకు తీసేయండి. అది లేనట్టే అనుకుని మిగతాదాంతో లెక్క వేయండి. అది కచ్చితంగా అయిపోతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లయితే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు ఉన్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి 1,00,116 రూపాయలు వధువు తల్లి పేరున ఇస్తారు. అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉండాలి, ఆదాయ పరిమితి ఉంటుంది. ఆ చెక్కు చాలామందికి పెళ్లయ్యాకే చేతికొస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని క్యాటరింగ్‌వాళ్లకు మాట ఇవ్వకండి.

2. ఆ అంకె పెళ్లి చేసుకునేవాళ్లకు చెప్పండి

ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన పిల్లలు చాలామంది మనకంటే ఎక్కువ సంపాదిస్తున్నారు. అయినా వాళ్ల ముందు డబ్బు మాట ఎత్తం. వాళ్లేమో మన దగ్గర చాలా ఉందనుకుని ఫోన్‌లో డెకరేషన్ వీడియోలు చూపిస్తుంటారు. మనం గుండె రాయి చేసుకుని "చూద్దాంలేమ్మా" అంటాం. వాళ్లకు ఆ మాట "సరే" అనే వినిపిస్తుంది.

అబ్బాయి పెళ్లప్పుడు వాడిని కూర్చోబెట్టి బ్యాంకు పాస్‌పుస్తకాలు ముందు పెట్టాను. "మేము పెట్టగలిగింది ఇంత. దీంట్లో నీకు తప్పకుండా కావలసినవి మూడు చెప్పు" అన్నాను. వాడు రెండే చెప్పాడు: ఫొటోలు బాగుండాలి, కాలేజీ స్నేహితులందరికీ గదులు ఉండాలి. "అయితే సంగీత్ వద్దా?" అంటే, "అది మీకు కావాలేమో అనుకున్నానమ్మా" అన్నాడు. 90 వేలు మిగిలాయి.

పిల్లలు తమ డబ్బు కూడా వేస్తామంటే వద్దనకండి. కాకపోతే ఏ ఖర్చుకు వేస్తున్నారో ముందే పేరు పెట్టుకోవాలి, రిసెప్షన్ వాళ్లదనో, ఫొటోలు వాళ్లవనో. "అవసరమైతే సర్దుతా" అన్న మాట లెక్కలోకి రాదు. పెళ్లి కోసం వాళ్లు లోన్ తీసుకుంటామంటే మాత్రం గట్టిగా వద్దనండి. కొత్త కాపురంలో మొదటి గొడవ ఆ ఈఎంఐ మీదే వస్తుంది.

3. అవతలివాళ్లతో, ముహూర్తం పెట్టక ముందే

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. అందుకే అందరూ దీన్ని మధ్యవర్తి మీదకు తోసేస్తారు. మధ్యవర్తి రెండు ఇళ్లలోనూ తీపి మాటలే చెప్తాడు. "వాళ్లు ఏమీ ఆశించడం లేదండీ, మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకుంటే అది" అన్న మాట విన్నారంటే, అసలు అంకె ఇంకా ఎవరి నోటి నుంచీ రాలేదని అర్థం.

కట్నం సంగతి ముందు తేల్చేస్తాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడం ఎంత నేరమో, ఇవ్వడం కూడా అంతే నేరం. అందరూ ఇస్తున్నారు కదా అన్నది రేపు కోర్టులో పనికిరాదు. ఆడపడుచు కట్నం, లాంఛనాలు అని పేరు మార్చి అడిగినా అడగడం అడగడమే. అడిగినవాళ్ల ఇంటికి పిల్లనివ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. నా మాట అడిగితే వద్దు.

మిగతా ఖర్చుకు పాత పద్ధతిలో పెళ్లి ఆడపిల్లవారిది, రిసెప్షన్ మగపెళ్లివారిది. ఇప్పుడు చాలామంది మొత్తం కలిపి సగం సగం పంచుకుంటున్నారు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. ఎవరి జనాన్ని వాళ్లు లెక్కపెట్టుకుంటారు, ఎవరి గొప్పకు వాళ్లే డబ్బు కడతారు. రాజమండ్రిలో మొదటిసారి కూర్చున్నప్పుడు కాఫీలు అయ్యాక నేనే అన్నాను: "వదినగారూ, ఖర్చు సగం సగం పెట్టుకుందాం. మా వైపు నుంచి 6 లక్షలు పెట్టగలం, అంతకు మించి మా వల్ల కాదు." ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. తప్పు మాట్లాడానా అని నాకు చెమటలు పట్టాయి. ఆ తర్వాత ఆవిడ అంది, "ఈ మాట మిమ్మల్ని ఎలా అడగాలా అని రెండు రోజులుగా మా ఇంట్లో గొడవ వదినగారూ."

అలా కూర్చున్నప్పుడు తేల్చుకోవలసినవి: మొత్తం ఖర్చు ఎంతలో ఉండాలి, ఎవరి వైపు ఎంతమంది, నిశ్చితార్థం విడిగానా లేక పెళ్లి ముందురోజేనా, బట్టలు ఎవరెవరికి, విడిది ఎన్ని గదులు, బస్సు ఎవరిది. ఎవరో ఒకరు అక్కడే నోటుబుక్కులో రాసి, ఆ పేజీ ఫొటో తీసి రెండు ఇళ్ల వాట్సాప్‌లో పెట్టేయండి. మర్యాదగా ఉండదేమో అని భయపడకండి. మాది పెట్టింది మా వియ్యంకుడే.

4. మనుషుల లెక్క

పెళ్లి ఖర్చు తగ్గించాలంటే పువ్వులూ లైట్లూ తగ్గించడం వృథా శ్రమ. మనుషులు తగ్గితేనే తగ్గుతుంది. హాలు సైజు, భోజనాలు, గదులు, రిటర్న్ గిఫ్టులు, బస్సులు అన్నీ ఆ ఒక్క అంకె వెనకాలే నడుస్తాయి.

మా ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. కొట్టుకొచ్చిన ప్రతి రైతుకూ "అమ్మాయి పెళ్లి, ఇంటిల్లిపాదీ రావాలి" అనేవారు. కార్డులు 250 వేయించాం, కాబట్టి 600 మంది అనుకున్నాం. కొట్టులో నోటితో పిలిచినవాళ్లు ఆ లెక్కలో లేరు.

పద్ధతిగా చేయండి. నోటుబుక్కులో కుటుంబానికో వరుస. ఊళ్లోవాళ్లా, పొరుగూరా, దూరమా. ఆ ఇంటి నుంచి నిజంగా ఎంతమంది వస్తారు. భోజనం ఏ పూట. మూడు భాగాలు చేసుకోండి: పిలవకపోతే జన్మంతా గుర్తుపెట్టుకునేవాళ్లు, పిలిస్తే సంతోషించేవాళ్లు, వాళ్ల పెళ్లికి మనల్ని పిలిచారు కాబట్టి పిలవాల్సినవాళ్లు. డబ్బు సరిపోకపోతే కోత పడాల్సింది మూడో భాగంలో. వాళ్లలో చాలామందికి పెళ్లయ్యాక ఇంటికి వెళ్లి స్వీటు ప్యాకెట్టు, తాంబూలం ఇచ్చి రండి. ఎండలో నలభై కిలోమీటర్లు వచ్చి లైనులో నిలబడే బాధ వాళ్లకూ తప్పుతుంది.

5. ముహూర్తం, హాలు

మూఢం, ఆషాఢం, పుష్యం, భాద్రపదం వదిలేస్తే మిగిలిన మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం లాంటి నెలల్లోనే రాష్ట్రమంతా పెళ్లిళ్లు చేస్తుంది. "ఈ నెలలో పెద్ద ముహూర్తం ఇదేనండీ" అని సిద్ధాంతిగారు చెప్పిన రోజు హాలువాడికీ, పూలవాడికీ, సన్నాయివాళ్లకూ కూడా పెద్ద ముహూర్తమే. అందుకని సిద్ధాంతిగారిని ఒక ముహూర్తం కాదు, మూడు నాలుగు అడగండి. అన్నీ పట్టుకుని హాళ్లకు ఫోన్ చేయండి. ఆదివారానికీ బుధవారానికీ అద్దెలో తేడా మీకే తెలుస్తుంది.

ముహూర్తం గంట కూడా ఖర్చే. రాత్రి రెండింటికో తెల్లవారుజామునో ముహూర్తమైతే ముందురోజు రాత్రి అందరికీ భోజనం, పడుకోవడానికి గదులు, పొద్దున్నే టిఫిన్లు, హాలు రెండు రోజులు. పగలు పదీ పదకొండు గంటల ముహూర్తమైతే దగ్గరివాళ్లకు టిఫిన్, అందరికీ ఒక్క మధ్యాహ్నం భోజనం. జాతకాలకు రెండూ సరిపోతున్నప్పుడు పగటిది తీసుకోండి.

అసలు హాలే వద్దనుకుంటే తిరుమల కల్యాణవేదికలో టీటీడీ వాళ్లు పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ ఉచితంగా ఇస్తారు. అన్నవరం, ద్వారకాతిరుమల కొండల మీద ఏటా ఎన్ని పెళ్లిళ్లు జరుగుతాయో మీకు తెలిసిందే. గుడిలో పెళ్లి చేసి, తర్వాత ఊళ్లో చిన్న భోజనం పెడితే ఎవరూ తక్కువగా చూడరు. చూసేవాళ్లు ఎలాగూ హాల్లో పెట్టినా ఏదో ఒకటి అంటారు.

హాలువాడు అద్దె ఒక్కటే చెప్తాడు. మిగతావి మీరు అడగాలి. అమ్మాయి పెళ్లి మర్నాడు మా హాలు మేనేజరు ఒక చీటీ చేతిలో పెట్టాడు: జనరేటరు, కరెంటు, క్లీనింగు కలిపి 46 వేలు. జనరేటరు పదకొండు గంటలు తిరిగిందని రాశాడు. ఆ రోజు కరెంటు పోయింది ఎంతసేపో నాకు గుర్తుంది, తలంబ్రాల ముందు ఒక ఇరవై నిమిషాలు. కానీ చేతిలో ఆధారం ఏదీ లేదు, బయట బస్సులో చుట్టాలు ఎదురుచూస్తున్నారు. కట్టేసి వచ్చాం.

అందుకని తాళాలు తీసుకునేటప్పుడే కరెంటు మీటరు, జనరేటరు మీద గంటలు చూపించే చిన్న మీటరు రెండూ ఫోన్‌తో ఫొటో తీయండి. తాళాలు ఇచ్చేటప్పుడు మళ్లీ తీయండి. ఒక యూనిట్ ఎంత, జనరేటరు గంటకు ఎంత, డీజిల్ అందులో కలిసిందా, ఏసీ ఎన్ని గంటలు, గదులు ఎన్ని, బయటి క్యాటరింగ్‌నీ డెకరేటర్నీ తెచ్చుకుంటే విడిగా ఏమైనా కట్టాలా, జీఎస్టీ కలిపా విడిగానా అన్నవి అడ్వాన్సు రసీదు మీదే రాయించుకోండి. ఇంకొకటి ఎవరూ అడగరు: మా ఇంట్లో మైల వచ్చి తేదీ మారితే అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారు? అడగడం అపశకునం కాదు. తొంభై ఏళ్ల తాతగారు ఇంట్లో ఉన్నప్పుడు అడిగి తీరాలి.

మొత్తం క్యాష్‌గా ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. ఒకే కార్యక్రమానికి ఒక మనిషి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. విడతలుగా ఇచ్చినా సరే. జరిమానా పడేది తీసుకున్నవాళ్లకే అయినా, రసీదు లేక నష్టపోయేది మీరు.

6. భోజనాలు

ప్లేటు లెక్క, లేదంటే వంటవాళ్లను పెట్టుకుని సరుకులు మనం తేవడం. రెండో పద్ధతి చవకే. కానీ స్టోరు గది తాళం దగ్గర కూర్చునే మనిషి ఉండాలి. ఆ మనిషి కాస్త పిసినారి, మొహమాటం లేనివాడు అయి ఉండాలి. అలాంటి బాబాయి ప్రతి వంశంలోనూ ఒకరుంటారు, మీకు లేకపోతే ప్లేటు లెక్కకే వెళ్లండి.

మా అమ్మాయి పెళ్లికి ప్లేటు 350, మేం చెప్పింది 600. చివర్లో 780 అన్నారు. 180 ప్లేట్లంటే 63 వేలు. వచ్చినవాళ్లు ఎక్కువే, కాదనను. కానీ ఆ లెక్కలో వడ్డించే కుర్రాళ్లు, సన్నాయి బృందం, వీడియోవాళ్లు, డ్రైవర్లు ఉన్నారు. రెండోసారి అన్నం కోసం కొత్త ప్లేటు తీసుకున్న మా మేనల్లుడు కూడా ఉన్నాడు. అబ్బాయి పెళ్లికి మేమూ వదినగారూ కలిసి ముందే మాట్లాడుకున్నాం. ప్లేట్లు యాభై చొప్పున కట్టలు కట్టి ఉంచాలి, కట్ట విప్పిన ప్రతిసారీ మా తమ్ముడి కొడుకు సంతకం పెట్టాలి, పనివాళ్ల భోజనం లెక్కలోకి రాదు. వాడు తెల్ల పట్టుపంచె కట్టుకుని చేతిలో ప్యాడ్ పట్టుకుని ప్లేట్ల పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. చూసినవాళ్లు ఇన్విజిలేటర్ అని ఏడిపించారు. లెక్క మాత్రం ఒక్క ప్లేటు తేడా రాలేదు.

వస్తారనుకున్నవాళ్లలో ఎనభై ఐదు శాతానికే గ్యారంటీ ఇవ్వండి. ఇంకో పదిహేను శాతానికి వండగలిగేలా సిద్ధంగా ఉండమనండి. ఐటమ్స్ విషయంలో మీ ఆడపడుచుల మాట వినకండి. ముప్ఫై రకాలు పెడితే ఒక్కొక్కటీ చెంచాడు తిని మిగతాది డస్ట్‌బిన్‌లో వేస్తారు. వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, మంచి గుత్తివంకాయ, పులిహోర, పూర్ణాలు, గడ్డపెరుగు. ఇవి బాగుంటే నూడుల్స్ కౌంటరు ఎందుకు లేదని ఎవరూ అడగరు. అడిగేది పిల్లలు, వాళ్లకు ఐస్‌క్రీం చాలు.

7. బంగారం

ముందు మాట స్పష్టం చేసుకోండి. మా వైపు కాసుల్లో మాట్లాడతారు, తెలంగాణలో తులాల్లో. కాసు అంటే 8 గ్రాములు, ఇప్పుడు షాపుల్లో తులమంటే 10 గ్రాములు. "పది పెడతాం" అని ఇటువాళ్లంటే 80 గ్రాములు, అటువాళ్లు విన్నది 100 గ్రాములు. గ్రాము 10 వేలనుకున్నా ఆ తేడా 2 లక్షలు. గ్రాముల్లోనే మాట్లాడండి.

రెండోది తరుగు. గ్రాము ధర అన్ని షాపుల్లోనూ ఇంచుమించు ఒకటే, బేరం ఉండేది తరుగూ మజూరీలోనే. ఒక లెక్క చూడండి. గ్రాము 10 వేలు, 40 గ్రాముల హారం. తరుగు 14 శాతమైతే బంగారం, తరుగు కలిపి 4,56,000. దాని మీద జీఎస్టీ 3 శాతం, 13,680. మొత్తం 4,69,680. అదే తరుగు 8 శాతమైతే 4,44,960. ఒక్క హారం మీద 24,720 తేడా. రాళ్ల నగ అయితే రాళ్ల బరువు తీసేసి మిగిలిన బరువుకే బంగారం ధర కట్టాలి. బిల్లులో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. నగ మీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. షాపువాళ్లు నొచ్చుకోరు, నొచ్చుకుంటే ఇంకో షాపు.

ధర ఇంత పెరిగాక కొత్తది కొనే ముందు ఇంట్లో పాతది తీయండి. మా అమ్మ కాసుల పేరు ముప్ఫై ఏళ్లుగా బీరువాలోనే ఉంది. మెరుగు పెట్టించి అమ్మాయికి ఇచ్చాం. పెళ్లిలో అందరూ అడిగింది దాని గురించే. సూత్రాలు రెండింట్లో ఒకటి పుట్టింటివారిది, రెండోది అత్తింటివారిది, కాబట్టి అది కూడా ఎవరు చేయించాలో ముందే అనుకోండి, రెండు వైపులా డబ్బు పెట్టకుండా.

8. బట్టలు

అమ్మాయి పెళ్లిలో అనుకున్నదానికంటే అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది ఇక్కడే, 85 వేలు. పెళ్లికూతురి చీరలకు కాదు, పెట్టుబడి బట్టలకు. ఒకరికి పెడితే వాళ్ల తోటికోడలికి పెట్టాలి, ఆవిడకు పెడితే అక్కగారికి. విజయవాడలో వస్త్రలత బట్టల మార్కెట్‌కు మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ ఇంకో పది చీరలు తగ్గాయి. రెండోసారికి వియ్యాలవారితో ఒప్పందం: బట్టలు వధూవరులకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, మేనమామలకు. అంతే. మిగతావాళ్లకు పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క, తాంబూలం. మా పెద్దాడపడుచు నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత వాళ్లబ్బాయి పెళ్లికి వాళ్లూ అదే చేశారు.

ఫొటోలవాళ్ల దగ్గర ఆల్బం ఎన్ని పేజీలు, ఆపై పేజీకి ఎంత అన్నది ముందే రాయించుకోండి. పురోహితుడు, సన్నాయి, మంగలి, చాకలి వీళ్ల దగ్గర మాత్రం బేరం ఆడకండి. అక్కడ మిగిలేది ఏమీ ఉండదు.

9. పెళ్లి రోజు డబ్బు ఎవరి చేతిలో

తల్లిదండ్రుల చేతిలో ఉండకూడదు. పీటల మీద కూర్చున్నప్పుడు వచ్చి చెవిలో అడిగిన ప్రతివాడికీ ఇచ్చేస్తాం. ఎవరికి ఎంత ఇవ్వాలో ముందురాత్రే కవర్లలో పెట్టి, పేరు రాసి, ఒక్క మనిషికి అప్పగించండి. మిగిలిన చేతిఖర్చు కూడా ఆ మనిషి దగ్గరే. నాకు మా చెల్లెలి మొగుడు. అతను "అక్కయ్యగారిని అడగాలి" అంటాడు, అడిగినవాళ్లు మళ్లీ రారు.

చదివింపులను బడ్జెట్లో ఆదాయంగా రాయకండి. అవి తిరిగి చదివించాల్సిన అప్పు. పుస్తకంలో పేరు, ఊరు, ఇచ్చింది రాసేవాళ్లు స్పష్టమైన చేతిరాత ఉన్నవాళ్లు కావాలి. మాకు రాసిన కుర్రాడి పుణ్యమా అని "మోదుకూరు సుబ్బారావు 500" అని మూడుసార్లు ఉంది, ముగ్గురో ఒకరో ఇప్పటికీ తెలియదు. వధూవరులకు పెళ్లిలో వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. ఆ వెసులుబాటు వాళ్లిద్దరికే, తల్లిదండ్రుల పేరున వచ్చినవాటికి కాదు. కాబట్టి పెద్ద మొత్తాలు పిల్లల ఖాతాలోనే పడేలా చూడండి. నగలు, వస్తువులు లాంటి కానుకలకు 1985 నాటి వరకట్న నిషేధ నిబంధనల ప్రకారం వధువుకొకటి, వరుడికొకటి పట్టిక రాసి ఉంచాలి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం. ఇద్దరి సంతకాలూ ఉండాలి. పది నిమిషాల పని, అప్పగింతల హడావుడిలో పడిపోకముందే చేయించండి.

10. పెళ్లయ్యాక

వారం లోపల అందరి బాకీలూ తీర్చి రసీదులు ఒక కవర్లో పెట్టండి. పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించండి. పాస్‌పోర్టుకో వీసాకో అడిగేదాకా ఆగితే అప్పుడు సాక్షులను వెతుక్కోవాలి.

ఇంకో ఖర్చు ఎవరి పట్టికలోనూ ఉండదు. పదహారు రోజుల పండగ, ఆషాఢానికి అమ్మాయిని తీసుకురావడం, శ్రావణ మంగళవారం నోము, దసరా, దీపావళి, సంక్రాంతి, అన్నీ మొదటి ఏడాదే. ప్రతి దానికీ సారె, బట్టలు. చేతిఖర్చుల్లో ఏమైనా మిగిలితే దాన్ని దీనికి ఉంచండి. మిగలకపోతే నెలకు ఇంత అని వేయండి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో అల్లుడికి వందల రకాలు వండిపెట్టి పేపర్లో ఫొటో వేయించుకుంటారు. మా అల్లుడు మొదటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఏం చేయమంటావు బాబూ అని అడిగితే, "పెళ్లిలో ఆవకాయ ముద్దపప్పు కూర్చుని తినలేకపోయాను అత్తయ్యగారూ, అది పెట్టండి" అన్నాడు. అదే పెట్టాను, నాలుగు అరిసెలతో.